బడి గంట మీది అక్షరాలు

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. మీ బడి గంట గుండ్రంగా ఉండదని, వేపకొమ్మకు తీగతో వేలాడదీసిన ఇనుప ముక్క అని రాశారు. దాని నడుం మీద 60 అంకె, పక్కన ఇంగ్లిష్ ‘ఆర్’ అక్షరం, కాస్త అవతల 19 అని కనిపించి, మిగతాదంతా తుప్పులో కలిసిపోయిందట. “ఇది రైలు పట్టా ముక్క అని సారు చెప్పిండు. మా ఊర్లె రైలే లేదు గద తాతా, పట్టా ఎట్ల వచ్చింది?” అని అడిగారు. ఈ ఒక్క ప్రశ్నను వదలకుండా పట్టుకుపోతే ఒక పాత రైలు దారి చరిత్ర మీ చేతికొస్తుంది. ఎట్లా పట్టుకుపోవాలో చెప్తాను.

మీ నానమ్మ పాత చీరను ఏం చేస్తుందో చూసే ఉంటారు. రంగు వెలిసినాక కొన్నాళ్లు చేనికి పోయేటప్పుడు కట్టుకుంటుంది. ఆ తర్వాత అదే పసిబిడ్డకు ఉయ్యాల. గట్టిగున్న ముక్కలు బొంతలోకి పోతాయి, మిగిలిన పేలికలు పొయ్యి దగ్గర మసిగుడ్డలవుతాయి. చీర ఎక్కడా కనిపించదు, కానీ ఇల్లంతా చీరే. బొంత మూలన జానెడు అంచు కనిపిస్తే చాలు, ఇది ఫలానా మేనత్త పెండ్లికి తెచ్చిన చీర అని నానమ్మ చెప్పేస్తుంది. రైలు దారి తీసేసినప్పుడూ అంతే జరుగుతుంది. పట్టాలు ఇండ్లకు దూలాలవుతాయి, కంచెకు గుంజలవుతాయి. పట్టాల కింద అడ్డంగా పరిచే చెక్క దుంగలు, అంటే స్లీపర్లు, దర్వాజ చట్రాలకు, బల్లలకు పోతాయి. కంకర బాటల్లో కలుస్తుంది. కట్ట మీద బండ్లబాట పడుతుంది. మీ గంట ఆ బొంతలో ఒక ముక్క, దాని మీది అక్షరాలు చీర అంచు.

మన పాలమూరు దిక్కు ఆ చీర పేరు మీటర్ గేజ్. సికింద్రాబాద్, కాచిగూడ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు, ద్రోణాచలం దాకా నిజాం కాలపు దారి. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. పట్టాల లోపలి అంచుల మధ్య సరిగ్గా ఒక మీటరు, అంటే 1,000 మిల్లీమీటర్ల ఎడం ఉండేది. ఇప్పుడు మీరు చూసే బ్రాడ్ గేజ్‌లో ఆ ఎడం 1,676. 1990లలో ఆ సన్న దారిని తీసి వెడల్పు దారి వేశారు. అంత సన్న దారి మీదనే మీనాక్షి ఎక్స్‌ప్రెస్ కాచిగూడ నుంచి రాజస్థాన్‌లోని జైపూర్ దాకా పోయేదంటే మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. పటం తీసి వేలితో ఆ దూరం కొలిచి చూడండి.

ఇక గంట దగ్గరికి పోదాం. పట్టాలో చక్రం దొర్లే పై భాగం తల, స్లీపర్ మీద ఆనే కింది భాగం పాదం, మధ్యన సన్నగా ఉన్నది నడుం. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను రోలర్ల నడుమ సాగదీస్తున్నప్పుడు, రోలరు మీద చెక్కిన గుంటల్లోకి ఉక్కు దిగి నడుం మీద అక్షరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. మామూలుగా పట్టా రకం, కర్మాగారం పేరు, నెల, సంవత్సరం ఉంటాయి. నెలను చాలాసార్లు రోమన్ అంకెల్లో వేస్తారు, దాన్ని సంవత్సరంతో కలిపి చదవకండి. మొదట్లో పట్టాలు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చేవి. జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ల ఉక్కు పని 1912లో మొదలైంది. కాబట్టి టాటా అన్న అక్షరాలు తేలితే ఆ పట్టా అంతకు ముందుది కానే కాదు.

అక్షరాలు బయటికి తీయడంలో చాలామంది చేసే తప్పు గరుకు రాయితో రుద్దడం. తుప్పుతో పాటు అక్షరమూ పోతుంది. పొడి గోనెగుడ్డతో దుమ్ము మాత్రం తుడవండి. సాయంత్రం చీకటి పడే వేళ టార్చిలైటును పట్టాకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు, పక్క నుంచి వేస్తే ప్రతి ఉబ్బుకూ నీడ పడుతుంది. తర్వాత పలుచని తెల్లకాగితం పరిచి నాలుగు మూలలా గమ్‌టేపు అంటించి, క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి ఒకే దిక్కుకు మెల్లగా రుద్దండి. కాగితం కదిలితే అక్షరాలు రెండుగా వస్తాయి. ఒక్కదానితో ఊరుకోక మూడు కాగితాలు తీయండి. ఒకదాంట్లో దొరకని గీత ఇంకోదాంట్లో దొరుకుతుంది.

60 ఆర్ అంటే గజానికి 60 పౌన్లు తూగే పట్టా అని. చదివింది నిజమో కాదో తూకం చెప్తుంది. సారును అడిగి గంట దింపించి, బియ్యం తూచే కాంటా మీద పెట్టండి. దింపేది పెద్దవాళ్లే, కింద కాలు పెట్టొద్దు. వచ్చిన కిలోలను ముక్క పొడవు మీటర్లతో భాగించి రెండింతలు చేస్తే, గజానికి ఎన్ని పౌన్లో దాదాపుగా వచ్చేస్తుంది. 40 సెంటీమీటర్ల ముక్క 11.9 కిలోలు తూగిందనుకోండి, మీటరుకు 29.75 కిలోలు, రెండింతలు 59.5. కాస్త తక్కువ వచ్చినా ఫర్వాలేదు, ఎన్నో ఏండ్లు చక్రాలు నడిచి తల అరిగి ఉంటుంది. 75 దగ్గరికి వస్తే మాత్రం అంకె తప్పు చదివారు. స్కేలుతో ఎత్తు కూడా చూడండి. కొత్తగా ఉన్నప్పుడు 60 పట్టా ఎత్తు 114 మిల్లీమీటర్లు, 75 పట్టాది 129, 90 పట్టాది 143.

తీగ దూర్చిన రంధ్రాన్ని కూడా చూశారా? అది గంట కోసం వేసింది కాకపోవచ్చు. రెండు పట్టాలను కొసలు కలిపి, ఇరుపక్కలా ఫిష్‌ప్లేట్లనే ఇనుప పలకలు పెట్టి నాలుగు బోల్టులు బిగిస్తారు, ఒక్కో కొసకు రెండు. నునుపైన గుండ్రటి రంధ్రం నడుం మధ్యలో ఉంటే మీ గంట ఒక పట్టా కొస అన్నమాట. ఒక పక్క తిన్నగా, చదునుగా ఉంటుంది, అది అసలు అంచు. రెండో పక్క చూడండి. కరిగి గడ్డకట్టిన గీతలుంటే గ్యాసుతో కోశారు, గింజలు గింజలుగా ఉంటే ఉలితో గాటు పెట్టి విరిచారు. చీరలో కొంగు ముక్కకు, నడిమి ముక్కకు తేడా నానమ్మకు తెలిసినట్టే, పట్టాలో కొస ముక్కకు, నడిమి ముక్కకు తేడా మీకూ తెలియాలి.

ఆ కొసల మధ్య సన్నని సందు వదిలేవాళ్లు, ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా టక్కుమనేది. మా చిన్నతనంలో కిటికీ దగ్గర చోటు దొరికిన పిల్లలందరికీ ఆ టక్కులు లెక్కపెట్టడమే ఆట. పట్టా పొడవు 12 మీటర్లయితే, 43 సెకన్లలో ఎన్ని టక్కులు వినబడితే బండి గంటకు దాదాపు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. చేతి గడియారం ఉన్న మామ పక్కన కూర్చుంటే ఆ ప్రయాణం పండుగే. ఇప్పుడు పట్టాలను వెల్డింగ్ చేసి పొడుగ్గా కలిపేస్తున్నారు, ఆ చప్పుడు చాలావరకు పోయింది. మీరే లెక్క కట్టి చూడండి, 43 ఎందుకో తెలుస్తుంది.

ఇంతదాకా వచ్చినాక పిల్లలే కాదు, పెద్దవాళ్లూ తొందరపడతారు. గంట మీద ఏదో సంవత్సరం కనిపించింది కాబట్టి మా దగ్గర రైలు ఆ ఏడే వచ్చిందని రాసేస్తారు. అట్లా రాయొద్దు. పెద్ద లైనులో అరిగిన పట్టాను తీసి చిన్న లైనులో వేస్తారు, అక్కడి నుంచి సైడింగుకు, అంటే బండ్లు నిలిపే పక్క దారికి పోతుంది, చివరికి తుక్కు వేలంలో లారీ ఎక్కి ఏ ఊరికో చేరుతుంది. బొంతలో అంచు ముక్క ఉన్నంత మాత్రాన ఆ చీర ఆ ఇంట్లోనే కట్టారని కాదు కదా, చుట్టాలింటి నుంచి వచ్చి ఉండొచ్చు. చెక్క స్లీపర్లూ అంతే. మీటర్ గేజ్ స్లీపర్ పొడవు 1.8 మీటర్లు, బ్రాడ్ గేజ్‌ది 2.75. నల్లగొండ మీదుగా నడికుడి పోయే దారి మొదటి నుంచీ బ్రాడ్ గేజే. అక్కడెవరి ఇంట్లోనైనా మేకుల రంధ్రాలున్న 1.8 మీటర్ల స్లీపర్ కనిపిస్తే అది వేరే దారి నుంచి వచ్చిందే. (స్లీపర్ చెక్కకు తారు వాసన కొడితే పొయ్యిలో పెట్టొద్దని అమ్మకు చెప్పండి. చెద పట్టకుండా పట్టించిన నూనె అది, ఆ పొగ మంచిది కాదు.)

ఇనుము ఊర్లు తిరుగుతుంది, మట్టి తిరగదు. అందుకే దారి ఎక్కడుండేదో తెలుసుకోవాలంటే కట్టను అడగాలి. గేజ్ మార్చేటప్పుడు వంపు సరిచేసిన చోట్ల పాత కట్ట పక్కనే మిగిలిపోతుంది. అది చెరువు కట్టో రైలు కట్టో గుర్తుపట్టడం మీకు కష్టం కాదు. చెరువు కట్టకు నీళ్ల వైపు మాత్రమే రాతి పేర్పు ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. రైలు కట్టకు రెండు పక్కలా ఒకే వాలు. కట్ట పోయడానికి మట్టి తవ్విన గుంతలు పక్కన వరసగా కనిపిస్తాయి. వాన నీళ్లు ఎక్కడ అడ్డం వస్తే అక్కడ రాతి కల్వర్టు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నేల లోతైతే కట్ట ఎత్తవుతుంది, నేల లేస్తే కట్ట తగ్గుతుంది, గుట్ట వస్తే గుట్టనే కోసుకొని పోతుంది. ఎద్దులబండి గుట్ట చుట్టూ తిరుగుతుంది, రైలు అట్లా తిరగలేదు.

వంపును కూడా కొలవొచ్చు. 20 మీటర్ల తాడు తెండి. కట్ట వంపు అంచున రెండు కొసలూ ఆనించి బిగుతుగా లాగి పట్టుకోండి. తాడు నట్టనడుమ, తాడుకూ అంచుకూ ఎంత ఎడం ఉందో చూడండి. 50ని ఆ ఎడంతో, మీటర్లలో, భాగిస్తే వంపు వ్యాసార్థం వస్తుంది. 10 సెంటీమీటర్లు ఉంటే 500 మీటర్లు. మీటర్ గేజ్‌లో కూడా 109 మీటర్ల కన్నా బిగువైన వంపు వేయరు. కాబట్టి నడుమ ఎడం 46 సెంటీమీటర్లు దాటితే అక్కడ రైలు తిరగలేదు, అది వేరే గట్టు. తాడు వదులైతే లెక్కంతా తప్పుతుంది. కట్ట అంచు వానకు కోసుకుపోయి ఉంటుంది కాబట్టి ఒకే వంపును ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి.

తర్వాత కాగితాలు. తహసీల్దార్ ఆఫీసులో ఊరి నక్షా ఉంటుంది. చెల్కల నడుమ నుంచి పొడుగ్గా, పట్టీలాగా పోయే సర్వే నంబరు ఉందేమో చూడండి. పట్టాలు పోయినా ఆ పట్టీ నక్షాలో మిగులుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో మైలుకు అంగుళం కొలత, కొత్తవాటిలో 1:50,000. మహబూబ్‌నగర్, గద్వాల 56 అంకెతో మొదలయ్యే పటాల్లో ఉంటాయి. 16వ అక్షాంశం దాటి అలంపూర్ దిక్కు దిగితే 57. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని గీత వెతకండి. స్టేషన్ పేరు కూడా సాక్ష్యమే. వనపర్తి రోడ్ అని ఉందంటే ఊరు అక్కడ లేదు, అక్కడ దిగి బాట పట్టి పోవాలని అర్థం.

ముసలివాళ్లను అడిగేటప్పుడు ఏ సంవత్సరమని అడగకండి. సంవత్సరం అడిగితే మిమ్మల్ని నొప్పించలేక ఏదో ఒకటి చెప్తారు. “అవ్వా, నీ పెండ్లికి చిన్న బండి నడుస్తుండెనా?” అని అడగండి. “పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా?” అని అడగండి, అది 1948 సెప్టెంబర్. ఒకరి ముందు ఇంకొకరిని అడగొద్దు, రెండో మనిషి మొదటి మనిషి మాటే అంటాడు. ఇద్దరూ వేరువేరుగా చెప్తే రెండూ రాసుకోండి, ఒకటి కొట్టేయకండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బండ్లు నడిచే పట్టాల మీదికి కొలతలకని ఎవరూ పోవద్దు. అది నేరం, ప్రాణానికీ ముప్పు. పాత కట్టకైనా పెద్దవాళ్లతోనే పోండి. కల్వర్టులో చేయి పెట్టే ముందు కట్టెతో తట్టండి, పాములుంటాయి. రాలిపోయిన బోల్టయినా, మేకయినా ఇంటికి తేవద్దు. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టండి. చోటు మారిన మేకు ఇక ఏమీ చెప్పలేదు.

మీ ఉత్తరం చివర చిన్నది ఒకతి పెన్సిలుతో ఇంకో ప్రశ్న రాసింది. కింద పరిచినప్పుడు మోగని పట్టా చెట్టుకు కడితే ఎందుకంత సేపు మోగుతుంది అని. బిడ్డా, దీనికి జవాబు నేను రాయను. రేపు పొద్దున బడి మొదలుకాక ముందు, ఎవరూ లేనప్పుడు, సారుతో గంట ఒక్కసారి కొట్టించు. వెంటనే అరచేయి మెల్లగా ఆనించు, తర్వాత ఒక్క వేలు మాత్రమే ఆనించు. ఆ వేలిని కింది కొస నుంచి పైకి కొంచెం కొంచెంగా జరుపుతూ ప్రతిసారీ మళ్లీ కొట్టించు. ఒకచోట వేలు పెట్టినా గంట మోగడం ఆగదు. ఆ చోటు కింది కొస నుంచి ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలిచి, గంట మొత్తం పొడవుతో పాటు రాసి పంపు.

ఎదురుచూస్తుంటాను.

మీ తాత