గ్రాఫిక్స్ కార్డు మార్చేముందు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

గేమింగ్ పీసీలు అసెంబుల్ చేయడం, పాడైతే బాగుచేయడం నా పని. "కార్డు మారుద్దామనుకుంటున్నా, ఏది తీస్కోమంటారు" అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు, వాళ్ళని నేను ముందు అడిగేది "మీ మానిటర్ ఏది?" అని. కార్డు గురించి అడిగితే ఈయన మానిటర్ అంటాడేంటి అన్నట్టు చూస్తారు. ఆ తర్వాత క్యాబినెట్ మూత తీసి ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటిచ్చే డబ్బా, దాని మీద లేబుల్ ఫోటో పంపమంటా, అక్కడితో సగం మందికి విసుగొస్తుంది. కానీ ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకు కార్డే చెత్తదై డబ్బులు పోయిన కేసులు తక్కువ, మంచి కార్డే కొని పెట్టెలో ఉన్న మిగతా సామానుతో దానికి పొత్తు కుదరక ఏడ్చిన కేసులే ఎక్కువ. అందుకే నాకు తెగ వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఎన్ని జీబీలుంటే కార్డు అంత ఫాస్ట్

ఇది అన్నిటికన్నా మొండిది. కార్డు మీద ఉండే మెమరీ, అంటే వీరామ్, బల్ల లాంటిది అనుకోండి. పెద్ద బల్ల ఉంటే ఎక్కువ సామాను పరుచుకోవచ్చు, అంతమాత్రాన పనిచేసేవాడి చేతులు స్పీడవ్వవు. ఎన్విడియా వాళ్ళ ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంది, 3070లో 8 జీబీయే. అయినా చాలా గేముల్లో 3070దే పైచేయి. ఎందుకంటే చిప్పే పెద్దది, పైగా మెమరీ దారి కూడా వెడల్పు, 256 బిట్ బస్సు మీద సెకనుకి 448 జీబీ నడుస్తుంది, 3060లో 192 బిట్ మీద 360 మాత్రమే.

మెమరీ రకం కూడా చూస్కోవాలి. జీటీ 1030 అనే చిన్న కార్డు గుర్తుందా, అది మొదట 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, తర్వాతేడు అదే పేరుతో డీడీఆర్4 మెమరీది ఇంకోటి దింపారు. రెండింట్లోనూ 2 జీబీయే, పెట్టె మీద పేరూ ఒకటే, కానీ మొదటిదాని బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకి మెమరీలోంచి నడిచే డేటా, 48 జీబీ అయితే రెండోది 17 కూడా లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. జీటీఎక్స్ 1060 కూడా అంతే, 3 జీబీది 6 జీబీది అంటే మెమరీ ఒక్కటే తేడా అనుకుని కొన్నారు జనం, కానీ 3 జీబీ దాంట్లో చిప్పులో లెక్కలు చేసే కోర్లు కూడా కోసేశారు, 1280 ఉండాల్సినవి 1152.

అలాగని జీబీలు అనవసరం అనే ఇంకో బ్యాచ్ ఉంది, వాళ్ళదీ తప్పే. గేముకి 9 జీబీ కావాలి మీ దగ్గర 8 ఉంది అనుకోండి, ఆ మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కణ్ణుంచి కార్డు గుచ్చిన స్లాట్ గుండా రావాలి, ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే సందు లాంటిది. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేములు, బానే కనిపిస్తుంది కానీ మధ్యమధ్యలో గేము ఆగి ఆగి ఎక్కిళ్ళు పెడుతుంది, లేదంటే గోడల మీద టెక్స్చర్లు బురద పూసినట్టు మసగ్గా ఉండిపోతాయి. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 8 జీబీది, 16 జీబీది పక్కపక్కన పెడితే ఇది బాగా తెలుస్తుంది, చిప్పు ఒకటే బస్సు ఒకటే, 8 జీబీ సరిపోయే గేముల్లో రెండూ కవలపిల్లల్లా నడుస్తాయి, 8 దాటిన చోట మాత్రం చిన్నది చతికిలపడుతుంది. ఇంకోమాట, గేము మీద అంకెలు చూపించే ఓవర్‌లేలో కనిపించే వీరామ్ అంకె గేము రిజర్వ్ చేస్కున్నది, నిజంగా వాడుతున్నది దానికన్నా తక్కువే ఉండొచ్చు, 7.8 కనిపించగానే కంగారు పడి కార్డు అమ్మేయకండి.

అపోహ: గేము లాగ్ అవుతోందంటే కార్డు పాతబడింది

ఉరుమురిమి మంగళం మీద పడ్డట్టు, పీసీలో ఏం జరిగినా పాపం కార్డు మీదే పడుతుంది.

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు, నాలుగు కోర్ల పాత ప్రాసెసరు, దానికి కొత్తగా పెద్ద కార్డు వేస్కున్నాడు, "అన్నా ముందెంత వచ్చేదో ఇప్పుడూ అంతే వస్తోంది, కార్డు డూప్లికేటేమో చూడు" అన్నాడు. గేము పెట్టి ఓవర్‌లే ఆన్ చేస్తే కార్డు వాడకం 50కి 55కి మధ్య ఊగుతోంది. ప్రాసెసరు మొత్తం వాడకం 60 శాతమే చూపిస్తోంది, అది చూసి "సీపీయూ ఖాళీగానే ఉంది కదన్నా" అన్నాడు. నేను కోర్ల వారీగా విడదీసి చూపించా, ఒక కోరు 98 దగ్గర అతుక్కుపోయుంది, మిగతావి తలా కొంచెం పనిచేస్తూ దానికోసం చూస్తున్నాయి. గేముల్లో ఒక ముఖ్యమైన త్రెడ్డు, అంటే ఒక కోరు మీద నడిచే పని వరస, దాని మీదే ఎక్కువ భారం పడుతుంది, అది ఆగితే వెనక అందరూ ఆగాల్సిందే. సగటు అంకె చూస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

దీనికి టెస్టు మీ ఇంట్లోనే చేస్కోవచ్చు, పైసా ఖర్చు లేదు. గేములో ఒకే చోట నిలబడి ఎఫ్‌పీఎస్ రాస్కోండి. ఇప్పుడు రిజల్యూషన్ బాగా తగ్గించండి, 1080పీ అయితే 720పీ పెట్టండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే మిమ్మల్ని ఆపుతోంది కార్డే, కొత్త కార్డు వేస్తే ఫలితం కనిపిస్తుంది. కదలకుండా అక్కడే కూర్చుంటే మాత్రం ప్రాసెసరో ర్యామో ఆపుతోంది, ఎంత పెద్ద కార్డు తెచ్చినా అంతే. కానీ టెస్టుకి ముందు ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ స్పీడుకి కట్టేసే వీ-సింక్, ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ తీసేయండి, అవి ఆన్‌లో పెట్టి టెస్టు చేసి "60 దాటట్లేదు సార్" అని ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు నాకు.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు కదా, ర్యామ్ చూస్తే ఒకే స్టిక్కు. ఇంకోటి వేసి డ్యూయల్ ఛానల్ చేసి, బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి, ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే ఎక్కిళ్ళు చాలావరకు తగ్గాయి, కానీ ప్రాసెసరు దగ్గరున్న ఇరుకు పూర్తిగా పోదు. ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ బోర్డులున్నవాళ్ళు ఇక్కడ అదృష్టవంతులు, 2017 నాటి బోర్డుల్లో కూడా చాలావాటికి బయాస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 ప్రాసెసర్లు పడతాయి. కార్డు డబ్బుల్లో కొంత అటు పెడితే మొత్తం పీసీకే ప్రాణం లేచొస్తుంది.

ఇక ఆన్‌లైన్లో బాటిల్‌నెక్, అంటే ఏ భాగం మిగతావాటిని ఆపుతోందో చెప్తామనే కాలిక్యులేటర్లు ఉంటాయి, మీ ప్రాసెసరు మీ కార్డు పేర్లు కొడితే "17 శాతం బాటిల్‌నెక్" అని చెప్తాయి. ఏ గేములో? ఏ రిజల్యూషన్‌లో? అదే పీసీ ఒక గేములో ప్రాసెసరు దగ్గర ఆగుతుంది, ఇంకో గేములో కార్డు దగ్గర ఆగుతుంది. జాతకం చెప్పించుకున్నట్టు ఉంటుంది నాకైతే.

మానిటర్ ఎందుకు అడుగుతానో కూడా ఇక్కడే చెప్పేస్తా. 1080పీ అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీకి 36.9 లక్షలు, 4కే అంటే ఏకంగా 83 లక్షలు. పిక్సెళ్ళు పెరిగేకొద్దీ భారం కార్డు మీద పడుతుంది, ప్రాసెసరు పని పెద్దగా మారదు. అదే ప్రాసెసరుతో 1080పీలో వృథా అయిన కార్డు 4కేలో ఫుల్లుగా పనిచేయొచ్చు. 60 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని 200 ఎఫ్‌పీఎస్ కొట్టే కార్డు కొంటే తెర సెకనుకి 60 సార్లే మారుతుంది, ఇన్‌పుట్ కొంచెం చురుగ్గా అనిపించడం తప్ప కళ్ళకి కనిపించేది పెద్దగా ఉండదు. అలాంటప్పుడు మానిటర్ మార్చండి ముందు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ మీద వాట్లు చూస్తే చాలు

500 వాట్లు 85 శాతం ఎఫిషియెన్సీ అంటే పీసీకి 425 వాట్లే వస్తాయి అని లెక్కలేసేవాళ్ళు చాలామంది. ఇది తలకిందులు లెక్క. 500 అనేది పీసీ లోపలి సామానుకి ఇచ్చేది, అంత ఇవ్వాలంటే గోడ నుంచి సుమారు 588 లాగుతుంది, ఆ మధ్య తేడా వేడిగా పోతుంది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే స్టిక్కర్లు చెప్పేది ఈ వృథా ఎంత అనేదే. లోపల కెపాసిటర్లు మంచివా, షార్ట్ అయితే టక్కున కట్ అవుతుందా అనేవి ఆ స్టిక్కర్ చెప్పదు. అలాగే 850 వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందన్నదీ ఉత్తదే, పీసీ ఎంత అడిగితే అంతే ఇస్తుంది.

నేను ఫోటో ఎందుకడుగుతానంటే లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడ్డానికి. కార్డు, ప్రాసెసరు రెండూ తినేది ఆ లైను నుంచే. పైన పెద్దక్షరాల్లో 500 అని ఉంటుంది, కింద గడిలో 12 వోల్టులకి 25 ఆంపియర్లు అని ఉంటుంది, గుణించండి, 300 వాట్లు. మిగతా 200 పనికిరాని లైన్లలో ఉన్నట్టు. అలాంటిది చూడగానే కార్డు మాట పక్కనపెట్టి ముందు ఇది మార్చండి అంటా.

లెక్క మరీ కష్టం కాదు. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150. ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లు, 4070 అయితే 200, 4090 అయితే 450. దానికి ప్రాసెసరు కలిపి, పైన బాగా ఖాళీ ఉంచండి, ఎందుకంటే పెద్ద కార్డులు మిల్లీసెకన్ల పాటు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ గుంజుతాయి, గేము మధ్యలో పీసీ ఠక్కున ఆరిపోయి మళ్ళీ స్టార్టయ్యే కేసుల్లో చాలావాటికి కారణం అదే.

దండం పెట్టి చెప్పే మాట ఒకటుంది. కేబుళ్ళు విడిగా ఊడొచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్ళు కొత్తదానికి పెట్టొద్దు. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌కో రకం. ఈ విషయం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, పని కొత్తలో ఒకాయన హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ రెండూ ఒకే క్షణంలో కాల్చి నేర్చుకున్నా, రెండూ నా జేబులోంచి కొనిచ్చా.

అపోహ: స్లాట్ పాతది కాబట్టి కొత్త కార్డు పడదు

పడుతుంది. కార్డు గుచ్చే స్లాట్ రకాన్ని పీసీఐఈ అంటారు, 4.0 కార్డు 3.0 స్లాట్‌లో నడుస్తుంది, 16 లేన్లు, అంటే డేటా దారులు, ఉన్న కార్డులకి తేడా చాలా తక్కువ. మెలిక ఎక్కడంటే కొన్ని చిన్న కార్డులకి లేన్లు కోసేస్తారు. పైకి కనెక్టర్ పూర్తి పొడవే ఉంటుంది, లోపల తీగలు సగమే. ఆర్‌టీఎక్స్ 4060కి 8 లేన్లే, 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకైతే 4. దాంట్లో మెమరీ కూడా 4 జీబీయే, అది త్వరగా నిండి స్లాట్ మీద ఆధారపడుతుంది, ఆ స్లాట్ 3.0 అయితే దారి ఇంకా సగమవుతుంది, మూలిగే నక్క మీద తాటిపండు. పైగా దాంట్లో వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు, స్ట్రీమింగ్ చేద్దామని కొన్నవాళ్ళకి అది తర్వాత తెలిసింది. పాత పీసీలు బాగుచేస్కునేవాళ్ళే కొనే కార్డు పాత పీసీల్లోనే ఎక్కువ దెబ్బతినడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంటెల్ ఆర్క్ కార్డులు తీస్కునేవాళ్ళు ఇంకోటి చూడాలి, బోర్డులో రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసరు కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చూడగలిగే సెట్టింగు, ఉండాలి, ఆన్ చేసి ఉండాలి. లేకపోతే పెర్ఫార్మెన్స్ ఘోరంగా పడిపోతుంది.

అపోహ: పెద్ద నంబరుంటే పెద్ద కార్డు

మొదటి అంకెలు తరం, చివరి అంకెలు ఆ తరంలో దాని స్థాయి. 4060 అంటే 3080 కన్నా కొత్తదే, అంతమాత్రాన దాన్ని కొట్టేస్తుందని కాదు, 3080 ఇప్పటికీ దానికన్నా బాగా ముందుంటుంది. లాప్‌టాప్ పేర్లైతే ఇంకా గందరగోళం, లాప్‌టాప్ 4090లో 9728 కోర్లు, డెస్క్‌టాప్ 4090లో 16384, పేరు మాత్రం ఒకటే. కోర్ల లెక్క కూడా ఒక తరం లోపలే పోల్చాలి. 2080 టీఐలో 4352 ఉంటే 3070లో 5888, కానీ రెండూ దగ్గరదగ్గరగా నడుస్తాయి, ఎందుకంటే తరం మారినప్పుడు కోరు లెక్కపెట్టే పద్ధతే మారింది. మీరాడే గేము, మీ రిజల్యూషన్, అందులో రెండు కార్డుల టెస్టు వీడియోలు చూడండి, సగటుతో పాటు "1% లో (low)" అంకె, అంటే బాగా పడిపోయిన క్షణాల్లో వచ్చే ఎఫ్‌పీఎస్, కూడా చూడండి.

అపోహ: ఫ్రేమ్ జనరేషన్ ఉంది కదా, చిన్న కార్డు చాలు

అప్‌స్కేలింగ్ వేరు ఫ్రేమ్ జనరేషన్ వేరు, ముందు అది విడదీయండి. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే అప్‌స్కేలింగ్ నిజంగానే భారం తగ్గిస్తుంది, నేనూ వాడతా. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం రెండు నిజం ఫ్రేముల మధ్య ఒకటి కల్పించి దూరుస్తుంది. 30 వచ్చేది 60 అని చూపిస్తుంది, కంటికి నున్నగా ఉంటుంది, కానీ మౌసు కదిపితే స్పందన 30 లాగే, ఇంకాస్త మందంగా ఉంటుంది, ఎందుకంటే తర్వాతి నిజం ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కదా. ముందే 60 దాటి వస్తుంటే బాగా పనికొస్తుంది, అప్పుడు హై రిఫ్రెష్ మానిటర్‌ని నింపుతుంది. పెట్టె మీద గ్రాఫుల్లో రెండింతలు మూడింతలు అని ఉంటే కింద చిన్నక్షరాలు చదవండి.

అపోహ: మైనింగ్‌లో వాడిన కార్డు ముట్టుకుంటే మటాష్

2022 సెప్టెంబరులో కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణేలు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక ఈ కార్డులు కుప్పలుగా వచ్చాయి. అన్నీ చెత్త అనలేం, కొందరు వోల్టేజీ తగ్గించి ఒకే ఉష్ణోగ్రతలో నడిపారు, చిప్పుకి అది పెద్ద కష్టమేం కాదు. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి చిప్పుల వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు. కొనేముందు అరగంట లోడ్ మీద నడిపించమనండి, ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి వినండి, మెమరీ ఉష్ణోగ్రత చూడండి. జీడీడీఆర్6ఎక్స్ ఉన్న 3080, 3090 లాంటివాటిలో మెమరీ 110 డిగ్రీల దగ్గర చేరి స్పీడు తగ్గించుకుంటోందంటే ప్యాడ్లు మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. అసలు భయపడాల్సింది నకిలీ కార్డులకి, పాత చిప్పున్న కార్డు లోపలి బయాస్ మార్చి కొత్త పేరు పెట్టేస్తారు, డివైస్ మేనేజర్‌లో ఆ కొత్త పేరే కనిపిస్తుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే చాలావరకు దొరికిపోతాయి. అది చూడనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇంత చూసి కొన్నాక క్యాబినెట్‌లో పట్టకపోతే? టేపు తీస్కుని వెనక స్లాట్ దగ్గర్నుంచి ముందు ఫ్యాన్ దాకా కొలవండి, ముందు రేడియేటర్ ఉంటే దాని మందం తీసేయండి, కార్డు రెండు స్లాట్లా మూడా చూడండి, కేబుల్ వంగడానికి పక్క అద్దం దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు వదలండి. బిగించాక మానిటర్ వైరు కొత్త కార్డుకే పెట్టండి, పైన బోర్డు పోర్టుకి పెట్టేసి "కార్డు పనిచేయట్లేదు" అని పెట్టె మొత్తం మోసుకొచ్చినవాళ్ళు ఈ ఏడాదే ముగ్గురు, వాళ్ళ దగ్గర డబ్బులేం తీస్కోలేదు లెండి.