అడ్డు లేకుండానే విడిపోతున్న ఈగలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కొత్త జాతులు ఎలా పుడతాయని అడిగారు కదా. మధ్యలో కొండో సముద్రమో అడ్డం పడితే, అటువీ ఇటువీ కలవలేక తరాలు గడిచేకొద్దీ వేరైపోతాయని బళ్ళో చదివే ఉంటారు. నిజమే. సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం పనామా దగ్గర నేల పైకి లేచి పసిఫిక్, కరీబియన్ నీళ్ళను విడదీసింది. అక్కడ పెద్ద డెక్కతో టప్పుమని చప్పుడు చేసే రొయ్యలున్నాయి. నాన్సీ నోల్టన్ అనే శాస్త్రవేత్త బృందం అటువాటినీ ఇటువాటినీ ఒకచోట చేర్చి చూసి, 1993లో ఫలితాలు ప్రకటించింది. చూపులకు కవలల్లా ఉన్నా, చాలావరకు జతకట్టలేదు సరికదా, కలబడ్డాయి.

నాకు ఇంతకంటే ఆశ్చర్యమనిపించేది ఏ అడ్డూ లేకుండా జరిగే చీలిక. ఎర్నెస్ట్ మేయర్ అంతటి శాస్త్రవేత్త కూడా దీన్ని ఒక పట్టాన ఒప్పుకోలేదు.

అమెరికాలో ఒక పండు ఈగ ఉంది. మన మామిడిని పాడుచేసే పండు ఈగ కుటుంబమే. మొదట్లో అది హాథార్న్ చెట్టుకు కాసే చిట్టి ఎర్ర పళ్ళలో గుడ్లు పెట్టేది. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు యాపిల్ తోటలు వేశారు. 1800ల మధ్యకాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ లోయలో ఈ ఈగ యాపిల్‌కూ పట్టింది. కొత్త జాతి ఇలాగే మొదలు కావచ్చని బెంజమిన్ వాల్ష్ అనే కీటక శాస్త్రవేత్త 1860లలోనే రాశాడు.

ఈ ఈగలు జతకట్టేది పండు మీదే. ఏ పండులో పెరిగిందో ఆ వాసనకే ఈగ మొగ్గుతుంది. కాబట్టి పండును ఎంచుకుంటే తోడును ఎంచుకున్నట్టే. పైగా యాపిల్ మూడు నాలుగు వారాలు ముందే పండుతుంది. పురుగు రాలిన పండులోంచి మట్టిలోకి దిగి, ప్యూపాగా చలికాలం గడిపి, మరుసటి వేసవిలో ఈగై పైకొస్తుంది. ఆ తర్వాత బతికేది దాదాపు నెల రోజులే. చెట్లు పక్కపక్కనే ఉన్నా, చాలా ఈగలకు కాలం కుదరదు.

అయినా ఇంకా పూర్తిగా విడిపోలేదు. యాపిల్ ఈగలూ హాథార్న్ ఈగలూ తరానికి 4 నుంచి 6 శాతం దాకా కలుస్తూనే ఉన్నాయి. అందుకే వీటిని ఒకే జాతిలోని రెండు తెగలంటున్నారు. ఇక్కడొక చిక్కుముడి కూడా ఉంది. మట్టిలోంచి ముందు లేవాలా, వెనక లేవాలా అన్నది నిర్ణయించే జన్యువుల్లో కొన్ని, ఎప్పుడో మెక్సికో పీఠభూమిలో విడిగా ఉండిపోయిన ఈగల నుంచి వచ్చాయని 2003లో తేలింది. అంటే దూరం లేకుండా జరుగుతున్న ఈ చీలికకు కావలసిన సరుకు, దూరంగా ఉన్న రోజుల్లోనే కొంత తయారైందన్నమాట!

ఈ ఈగల పురుగుల మీద బతికే చిన్న కందిరీగ ఒకటుంది. యాపిల్ ఈగ వెంటపడ్డ కందిరీగలూ హాథార్న్ వైపు ఉండిపోయిన వాటి నుంచి వేరుపడుతున్నాయని 2009లో బయటపడింది.

ప్రేమతో,
తాతయ్య