అమ్మకాలు తగ్గితే మాంద్యమేనా? అపోహలు - వాస్తవాలు

వ్యాపారుల లెక్కలు చూసి, రాబోయే నెలలు ఎలా ఉంటాయో అంచనా వేయడం నా పని. ఏటా అవే భయాలు, అవే సంబరాలు వినిపిస్తుంటాయి కాబట్టి ఇది రాస్తున్నా.

అపోహ: పోయిన నెల కన్నా అంకె తగ్గింది, మార్కెట్ పడిపోయింది.

వాస్తవం: 2024 ఏప్రిల్‌లో జీఎస్టీ వసూళ్లు 2.10 లక్షల కోట్లు, మేలో 1.73 లక్షల కోట్లు. చూడగానే టెన్షన్ వస్తుంది. కానీ మార్చితో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కదా, టార్గెట్ల కోసం కంపెనీలు ఆ నెలలోనే సరుకు తోసేస్తాయి, బిల్లులన్నీ అప్పుడే కొడతారు, ఆ పన్ను ఏప్రిల్‌లో జమవుతుంది. 2023 మేలో వచ్చింది 1.57 లక్షల కోట్లే, అంటే ఏడాదిలో దాదాపు 10 శాతం పెరిగింది.

అపోహ: అయితే నిరుడు ఇదే నెలతో పోల్చుకుంటే చాలు.

వాస్తవం: బాగా చదువుకున్నవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడే. మన కొనుగోళ్లు చాలావరకు పంచాంగం ప్రకారం నడుస్తాయి, లెక్కలేమో ఇంగ్లీషు నెలల్లో రాస్తాం. దీపావళి 2023లో నవంబర్ 12న వచ్చింది, 2024లో అక్టోబర్ 31న. ఆ రెండు అక్టోబర్లను పక్కపక్కన పెడితే బండ్ల షోరూమ్‌కి ఎక్కడలేని ఊపు వచ్చినట్టు, రెండు నవంబర్లను పెడితే గిరాకీ కుప్పకూలినట్టు కనిపిస్తుంది. పెళ్లిళ్లదీ అంతే. 2024 మే, జూన్‌లలో మూఢం వల్ల ముహూర్తాలు లేవు. బంగారం, పట్టుచీరలు, ఫంక్షన్ హాళ్లు, క్యాటరింగ్ అన్నిటికీ దెబ్బే. 2025 మే అమ్మకాలను దాంతో పోల్చి ఇంత శాతం పెరిగాం అని లోన్ కోసం చూపిస్తే, అందులో నిజమైన గిరాకీ ఎంత, ముహూర్తాల వల్ల వచ్చింది ఎంత అని అడగాల్సిందే. నేనైతే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మూడు నెలలూ కలిపి చూస్తా. దసరా, దీపావళి ఎటు జరిగినా అందులోనే ఉంటాయి.

అపోహ: అంకెలను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సీజన్ ప్రభావం దానంతటదే పోతుంది.

వాస్తవం: 2020 ఏప్రిల్ జీఎస్టీ వసూళ్లు 32 వేల కోట్లే. లాక్‌డౌన్ సంగతి విడిగా చెప్పకపోతే, ఏప్రిల్ అంటేనే మందకొడి నెల అని సాఫ్ట్‌వేర్ అనుకునే ప్రమాదం ఉంది.

అపోహ: సీజన్ వేరు, వ్యాపార చక్రం (ఏళ్ల మీద సాగే ఆర్థిక ఎగుడుదిగుళ్లు) వేరు.

వాస్తవం: బార్స్కీ, మైరాన్ అనే ఆర్థికవేత్తలు 1989లో అమెరికా లెక్కలతో చూపించింది ఏమిటంటే, రంగాలన్నీ కలిసి పెరగడం, కలిసి తగ్గడం, డబ్బు చలామణీ ఉత్పత్తితోపాటు కదలడం సీజన్లలోనూ చక్రాల్లోనూ ఒకేలా ఉంటాయి. తేడా ఏమిటంటే సీజన్ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. అందుకే అన్‌సీజన్‌లో షాపు ఖాళీగా ఉంటే నాకు దిగులు లేదు. పండక్కి తెచ్చిన సరుకు పండగ దాటాక కూడా గోడౌన్‌లోనే ఉంటే, హోల్‌సేలర్‌కి 45 రోజుల్లో కట్టాల్సిన బాకీ 90 రోజులకు సాగుతుంటే, అప్పుడు కొత్త ఆర్డర్లు ఆపమని చెప్తా.