బిళ్ళకీ కాఫీకీ మధ్య ఒక గంట

కావలి

చిన్నీ, అభీ,

మీ అమ్మకి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలినప్పటి నుంచి మీరిద్దరూ ఫోన్లో వెతికి, పట్టీ రాసి, ఒంగోలు ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించారంట. ఫోటో నాకూ వచ్చింది. క్యాబేజీ వద్దు, కాలీఫ్లవర్ వద్దు, ముల్లంగి వద్దు, సజ్జలు వద్దు, వేరుశనక్కాయలు వద్దు, గోధుమలు వద్దు, పాలు వద్దు. అమ్మ మీద మీకున్న ప్రేమకి సంతోషమే గానీ, ఈ లెక్కన ఆమెకి మిగిలేది తెల్లన్నం, చారు. ఆ జబ్బుకి మలబద్ధకం ఎట్లాగూ తోడుంటుంది. దానికి మీరు ఇంకాస్త ఆజ్యం పోస్తున్నారు.

నేను డాక్టర్ని కాను. ట్రంకు రోడ్డు మీద మందుల షాపు నడిపినవాణ్ణి. థైరాయిడ్ బిళ్ళల సీసా అందుకుంటూ నన్ను అడగని ప్రశ్న లేదు. అందుకని కాస్త ఓపికగా చదవండి.

మెడ ముందు, గొంతుముడికి కాస్త కింద ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. తిండిలోంచి అయోడిన్ తీసుకుని రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటే టీ4, మూడుంటే టీ3. గ్రంథి చేసేది ఎక్కువగా టీ4నే. ఒంట్లోని కణాలు అందులోంచి ఒక అయోడిన్ తీసేసి టీ3గా మార్చుకుని వాడుకుంటాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒళ్ళు ఎంత వెచ్చగా ఉండాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి అన్నవన్నీ దీని మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఇది తగ్గితే ఒంగోలు ఎండలో కూడా మీ అమ్మకి చలి, నీరసం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, మొహం ఉబ్బడం.

"టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్ తక్కువెట్లా అయింది తాతా?" అని అభి అడిగాడు. మంచి ప్రశ్న. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసేది కాదురా, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పని చెయ్యమని పంపే హార్మోను. కూలీ చెయ్యి నిదానించే కొద్దీ మేస్త్రీ గొంతు పెంచుతాడు చూడు, అదే ఇక్కడ జరిగేది. రిపోర్టులో మనం కొలిచింది మేస్త్రీ కేకని.

మరి గ్రంథి ఎందుకు నిదానించింది? మీ పట్టీ తేడా కొట్టింది ఇక్కడే. క్యాబేజీ తిన్నందుకు కాదు. అయోడిన్ ఉప్పు దొరికే చోట్ల పెద్దవాళ్ళకి ఈ జబ్బు రావడానికి ఎక్కువసార్లు కారణం, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద పడటం. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు దీన్ని మొదట వివరించాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. మీ అమ్మ డాక్టరు చీటీలో ఉన్న మాట అదే. ఈ రకానికి ఏ కూర మానేసినా, ఏ కూర కొత్తగా తిన్నా గ్రంథి మళ్ళీ మామూలుగా అవదు. తగ్గిన హార్మోనుని బిళ్ళ రూపంలో బయటినుంచి ఇవ్వాల్సిందే. ఆ బిళ్ళలో ఉండేది టీ4. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో కెండాల్ అనే ఆయన దాన్ని మొదటిసారి విడదీశాడు, 1927లో ఇంగ్లండు వాళ్ళు ప్రయోగశాలలో తయారుచేశారు. అంతకు ముందు, 1891 నుంచి, రోగులకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించేవాళ్ళు. మొహం తిప్పుకోకు చిన్నీ, దాంతోనే చాలామంది లేచి తిరిగారు.

అయితే క్యాబేజీకి ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాల జాతి ఆకుల్లో ఉండే కొన్ని పదార్థాలు అయోడిన్ గ్రంథిలోకి పోకుండా అడ్డుతగులుతాయి. అయోడిన్ ముందే కరువైన చోట, పూటపూటా అవే తింటే గొంతు వాచే మాట నిజం. సజ్జల సంగతీ అంతే. సూడాన్‌లోని దార్ఫుర్ ప్రాంతంలో సజ్జలే ప్రధానాహారం, అయోడిన్ కొరత కూడా ఉంది. అక్కడ గొంతువాపుకీ సజ్జలకీ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు. మీ అమ్మ అయోడిన్ ఉప్పు వాడుతుంది, చేపలు తింటుంది, వారానికి ఒకట్రెండు సార్లు క్యాబేజీ వేపుడు చేస్తుంది. ఉడికించినా వేయించినా క్యాబేజీలో ఆ గుణం చాలావరకు తగ్గిపోతుంది కూడా. పచ్చి క్యాబేజీ రసం గ్లాసుల కొద్దీ తాగే ఆరోగ్యపిచ్చి మనింట్లో ఎవరికీ లేదు కదా. మీ మామ్మ ఊరు కనిగిరి నుంచి వచ్చిన సజ్జలు అలమారలో పురుగు పట్టకముందే రొట్టెలు చేయించుకు తినండి.

ఉప్పు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇది మన ఊరి సంగతి కూడా. అల్లూరు దగ్గర ఇస్కపల్లిలో ఉప్పు మళ్ళు చూశారు కదా. "సముద్రంలో అయోడిన్ ఉంటుంది, సముద్రపు గల్లుప్పే మంచిది, ప్యాకెట్ ఉప్పెందుకు" అని మన వైపు చాలామంది వాదిస్తారు. లెక్క మీరే వెయ్యండి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. అదంతా ఉప్పులోనే మిగిలిందనుకున్నా, 10 గ్రాముల ఉప్పులో 17 మైక్రోగ్రాములు దాటదు. నిజానికి అంత కూడా మిగలదు. పెద్ద మనిషికి రోజుకి కావలసింది 150. మన చట్టం ప్రకారం ప్యాకెట్ ఉప్పు వంటింటికి చేరేటప్పటికి పదిలక్షల పాళ్ళలో కనీసం 15 పాళ్ళ అయోడిన్ ఉండాలి. అంటే 10 గ్రాముల్లో 150. అంత ఉప్పు తినమని కాదు, రోజుకి 5 గ్రాములు దాటొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గ్రాములకి 75 వస్తే మిగతాది సముద్రపు చేపలు, గుడ్లు, పాలు పూరిస్తాయి. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు అని ఎక్కువ డబ్బులు పెట్టి కొనేవాటిలో అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు, ప్యాకెట్ మీద చూడండి. ఆవకాయకి గల్లుప్పు వేసుకోండి, రోజువారీ కూరకి మాత్రం అయోడిన్ ఉప్పు. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టాలి. దించే ముందు వేస్తే ఇంకా మంచిది.

ఈ ఉప్పు మన వంటింట్లోకి రావడం వెనక ఒక తెలుగాయన ఉన్నాడని మీ బడిలో ఎవరూ చెప్పి ఉండరు. ఉలిమిరి రామలింగస్వామి గారు శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. కొండల మీద మంచూ వానా మట్టిలోని అయోడిన్‌ని కడిగేస్తాయి, అందుకే హిమాలయాల ఊళ్ళలో గొంతువాపు ఎక్కువ. 1950లలో ఆయన, తోటి శాస్త్రవేత్తలు కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు అందేట్టు చేసి కొన్నేళ్ళు గమనించారు. అయోడిన్ అందిన చోట గొంతువాపు బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ (గొంతువాపు) నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయోడిన్ కలపని ఉప్పుని తినడానికి అమ్మకూడదనే నిబంధన 2006 నుంచి అమల్లో ఉంది.

ఇంత చదివాక "అయితే అమ్మకి అయోడిన్ ఇంకా ఎక్కువ ఇద్దాం" అనుకుంటారేమో. వద్దు. సముద్రపు నాచు పొడితో చేసే కెల్ప్ గొట్టం మాత్రల ప్రకటన అభి ఫోన్లో చూశాడని విన్నాను. హషిమోటో ఉన్నవాళ్ళకి అయోడిన్ మరీ ఎక్కువైతే గ్రంథి ఇంకా మందగించవచ్చు. వాటి జోలికి పోవద్దు.

ఇక అసలు విషయం. తిండి జబ్బుని మార్చదు, కానీ బిళ్ళ ఒంటికి ఎంత పట్టేదీ తిండి నిర్ణయిస్తుంది. పరగడుపున నీళ్ళతో వేసుకుంటే బిళ్ళలో 70 నుంచి 80 శాతం దాకా ఒంటికి పడుతుంది. కడుపులో తిండి ఉంటే తగ్గుతుంది. కాఫీ ఉంటే మరీ. కాఫీతో పాటే బిళ్ళ వేసుకునే రోగుల్లో మందు సరిగా పట్టడం లేదని ఇటలీ డాక్టర్లు 2008లో రాశారు. నా షాపుకి వచ్చేవాళ్ళలోనూ "డోసు పెంచినా నీరసం పోవట్లేదబ్బాయ్" అనేవాళ్ళు ఉండేవాళ్ళు. "పొద్దున బిళ్ళ వేసుకున్నాక ఏం చేస్తావమ్మా" అని అడిగితే, "ఏముంది, ఫిల్టర్ కాఫీతోనే గుటుక్కున మింగుతా" అనేవాళ్ళు. నెల్లూరోళ్ళకి కాఫీ లేకుండా పొద్దు పొడవదు, ఒప్పుకుంటా. కానీ బిళ్ళకీ కాఫీకీ మధ్య అర్ధగంట నుంచి గంట ఎడం ఉండాలి. మీ అమ్మ లేవగానే మంచినీళ్ళతో బిళ్ళ వేసుకుని, మీకు టిఫిన్ బాక్సులు కట్టేలోపు గంట గడిచిపోతుంది. పొద్దున కుదరదనుకుంటే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునేటప్పుడు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగొచ్చు.

పాలు మానెయ్యక్కర్లేదు, బిళ్ళతో కలిపి తాగకూడదు, అంతే. సోయా కూడా అదే కోవ. కాల్షియం బిళ్ళలకీ, రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ బిళ్ళలకీ మాత్రం గంట చాలదు, నాలుగు గంటల దూరం కావాలి. ఇంట్లో అన్ని బిళ్ళలూ ఒక్క గిన్నెలో వేసి, ఒక్క గుక్కలో మింగే అలవాటు మన ఆడవాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందో గానీ, పని త్వరగా అయిపోవాలన్న ఆత్రమే తప్ప దాంట్లో సుఖం లేదు. ఐరన్ మధ్యాహ్నం భోజనమయ్యాక వేసుకోమనండి.

కార్తీక సోమవారాలు మీ అమ్మ ఉపవాసముంటుంది కదా, ఆ రోజు కూడా బిళ్ళ మానకూడదు. గుక్కెడు నీళ్ళతో వేసుకుంటే శివుడేమీ అనుకోడు. రంజాన్ నెలలో మా షాపుకొచ్చే సాయిబులు పడుకునేముందు వేసుకునేవాళ్ళు.

లక్షణాలకి తిండి ఎక్కడ పనికొస్తుందో కూడా చెబుతాను. మలబద్ధకానికి కొర్రలు, రాగి సంగటి, ఆకుకూరలు, జామకాయ, తగినన్ని నీళ్ళు బాగా పనిచేస్తాయి. పీచు కూడా బిళ్ళని కాస్త పట్టి ఉంచుతుంది గనక, బిళ్ళ వేసుకున్న వెంటనే సంగటి ముద్ద మొదలెట్టకుండా ఉంటే చాలు. నీరసానికి థైరాయిడ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఐరన్ తక్కువైతే గ్రంథి హార్మోన్ చేయడం కూడా కుంటుపడుతుంది. హషిమోటో ఉన్నవాళ్ళలో కొందరికి బీ12 కూడా తగ్గుతుంది, ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. టీ4ని టీ3గా మార్చే ఎంజైములకి సెలీనియం కావాలి. దానికి గుడ్లు, చేపలు చాలు, ప్రత్యేకంగా గొట్టం మాత్రలు కొనక్కర్లేదు. చెరువు చేపల్లో సముద్రపు చేపలంత అయోడిన్ ఉండదు. నెత్తళ్ళు, కానాగంతలు, వంజరం దొరికినప్పుడు పులుసు పెట్టుకోండి. మామిడికాయ ముక్కలు మరిచిపోతే అది నెల్లూరు పులుసు కాదు, ఇది వైద్యం కాదనుకోండి.

గోధుమలు మానాల్సింది సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్ళు. హషిమోటో ఉన్నవాళ్ళలో అది మామూలు కంటే కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్షలో అది ఉందని తేలితే తప్ప చపాతీని వెలివెయ్యకండి.

చిన్నీ, బరువు గురించి నువ్వు అమ్మని ఆటపట్టిస్తున్నావని తెలిసింది. ఈ జబ్బు వల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి అయిదు కిలోలే. అందులో ఎక్కువ భాగం ఒంట్లో చేరిన ఉప్పూ నీరూ. డోసు కుదిరాక కొంత దిగుతుంది. అంతకు మించింది అందరిలాగే తిండీ నడకా తేల్చాలి. సాయంత్రం అమ్మతో కలిసి నువ్వూ నడువు, ఆటపట్టింపు మానేసి.

డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ రక్తపరీక్ష చేస్తారు. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే అంత ఆగాలి. నాలుగు రోజులకే "ఇంకా తగ్గలేదేంది" అని కంగారు పడకండి. ఇంకో సంగతి, జుట్టు రాలుతోందని అమ్మ బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు కొన్నదంట. అవి కొన్ని పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి, డాక్టరు డోసు తగ్గించే ప్రమాదం ఉంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపమనండి. డాక్టరు దగ్గరికి పోయే రోజు థైరాయిడ్ సీసా, ఐరన్ షీటు, కాల్షియం డబ్బా, బయోటిన్ అన్నీ ఒక సంచిలో వేసుకుని పోయి చూపించండి. ఏది ఏ వేళకి వేసుకుంటుందో చీటీ మీద రాసే పని చిన్నీది. సంచి మోసే పని అభిది.

మీ తాత