కంప్యూటర్ ముందు దిగని భుజం

జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు మెడనొప్పి గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, చేతిలో కత్తెర. తల వంచి గంటల తరబడి అదే పని. సాయంత్రానికి మెడ నుంచి భుజం దాకా పట్టేసేది ట్రెపీజియస్ అనే కండరం. అలాంటి ఇళ్ల పిల్లలు ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులోనో, కరీంనగర్ ఐటీ టవర్‌లోనో, ఊళ్లోని మీసేవ కేంద్రంలోనో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. నేల మీది పని బల్ల మీదికి వచ్చింది. నొప్పి పుట్టే కండరం మాత్రం మారలేదు. కంప్యూటర్ నొప్పులను నాజూకు జబ్బులని తీసిపారేసే పెద్దలకు నేను చెప్పే జవాబు ఇదే: మీ ఇంట్లో బీడీలు చుట్టినవాళ్లు ఉంటే వాళ్లను అడగండి.

టైపు చేయడంలో బరువేముందని అడగవచ్చు. నిజమే, ఒక్కో మీట నొక్కడానికి 50, 60 గ్రాముల బలం చాలు. కానీ వేళ్లు మీటల మీద తేలుతూ ఉండాలంటే చేతిని పైనుంచి ఏదో ఒకటి పట్టి ఉంచాలి. 60 కిలోల మనిషికి ఒక్కో చేయి దాదాపు 3 కిలోలు ఉంటుంది. తల నాలుగున్నర, ఐదు కిలోలు. తెర వైపు మెడ ముందుకు సాగేకొద్దీ ఆ బరువును వెనక నుంచి లాగి ఆపే పని కూడా మెడ, భుజాల కండరాల మీదే పడుతుంది.

కండరంలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. చిన్న పనికి చిన్న పోగుల గుంపులు ముందు లేస్తాయి. బరువు పెరిగితే పెద్దవి తోడవుతాయి. బరువు తగ్గగానే పెద్దవి ముందు తప్పుకుంటాయి, చిన్నవి చివరిదాకా ఉంటాయి. ఈ వరుసను అమెరికా శాస్త్రవేత్త ఎల్‌వుడ్ హెన్నెమన్ 1950, 60 దశకాల్లో వివరించాడు. దాని మీద ఆధారపడి స్వీడన్‌కు చెందిన గోరన్ హెగ్ 1991లో ఒక ప్రతిపాదన చేశాడు. ఆ చిన్న పోగులకు ఆయన సిండరెల్లా పేరు పెట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే అవి ఉమ్మడి కుటుంబంలో అందరికంటే ముందు లేచి అందరికంటే చివర పడుకునే కోడళ్లు. పని ఎంత తేలికైనా వాళ్లకు విరామం లేదు. భుజం పూర్తిగా వదులైతే తప్ప ఆ పోగులు విశ్రమించవు. తేలిక పనిలో భుజం పూర్తిగా వదులు కాదు. అందుకే మూట మోసినవాడికి లేని నొప్పి మౌసు కదిపినవాడికి వస్తుంది. ఇది ప్రతిపాదనే, అన్ని నొప్పులనూ వివరించదు. అయినా తేలిక పని ఎందుకు నొప్పి పుట్టిస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే నచ్చే జవాబు నాకు దొరకలేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. మనసులో ఆందోళన ఉంటే చేయి కదపకపోయినా ట్రెపీజియస్ బిగుసుకుంటుందని కండరంలోని విద్యుత్ సంకేతాలను కొలిస్తే తేలింది. జూన్ నెలలో మీసేవ కేంద్రం తలుచుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. కౌంటర్ అవతల పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటారు. సర్వర్ రావడం లేదు. ఆపరేటర్ కుడిచేయి మాత్రం మౌసు మీదే బిగిసి ఉంటుంది. పని ఆగింది, కండరం ఆగలేదు. తెర మీద గుండ్రని గుర్తు తిరుగుతున్నంతసేపు రెండు చేతులూ ఒళ్లోకి దించి, భుజాలను కిందికి జారవిడిస్తే ఆ చిన్న పోగులకు కొన్ని క్షణాలైనా సెలవు దొరుకుతుంది. ఖర్చు లేని చికిత్సల్లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే.

విరామం వల్ల పని తగ్గుతుందని యజమానులకు భయం. అమెరికాలోని ఆదాయపు పన్ను విభాగంలో డేటా ఎంట్రీ చేసేవాళ్ల మీద అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ ఈ సంగతి పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించింది. మామూలు విరామాలకు అదనంగా, విరామం లేని ప్రతి గంటలో 5 నిమిషాల చొప్పున రోజుకు 20 నిమిషాలు ఇచ్చారు. ఒళ్లునొప్పులు, కంటి అలసట తగ్గాయి. పని మాత్రం తగ్గలేదు. వెయ్యి బీడీలకు ఇంత, ఒక దరఖాస్తుకు ఇంత అని కూలి లెక్కగట్టే చోట ఆ 5 నిమిషాలు తీసుకోవడం కష్టమే. అక్కడ తప్పు కూర్చున్నవాళ్ల వీపుది కాదు.

కూర్చుని చేసే తేలిక పనీ ఒళ్లు నొప్పిస్తుందన్న సంగతి 300 ఏళ్ల కిందటే ఒకరు గమనించారు. వృత్తి వ్యాధుల శాస్త్రానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమాజ్జిని రాతపనివాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగక కూర్చోవడం, చేయి ఎప్పుడూ ఒకే తీరున కదలడం, తప్పు పోకూడదన్న మనోభారం. కుడిచేయి పడిపోయిన ఒక నోటరీ ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడని, కొంతకాలానికి ఆ చేయీ అదే దారి పట్టిందని కూడా రాశాడు. కుడిచేయి నొప్పని మౌసును ఎడమచేతికి మార్చి ఊరుకునేవాళ్లకు ఈ కథ చెప్పాలి. మార్చడం మంచిదే, అదొక్కటే చాలదు.

ఇక ‘వీపు నిటారుగా పెట్టు’ అన్న ఉపదేశం. 1960లలో స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ నడుము డిస్కుల్లోకి, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లల్లోకి, సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే ఆనుకోకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేల్చాడు. ఆ లెక్క మీదే కూర్చోవడానికి చెడ్డపేరు వచ్చింది. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో విల్కే బృందం మెరుగైన పరికరంతో ఒక మనిషిలో కొలిస్తే, సడలి కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటికంటే కాస్త తక్కువగా వచ్చింది. ఒక్క మనిషి కొలత మీద శాసనం రాయలేం కానీ, కర్ర మింగినట్టు కూర్చోవడమే ఆరోగ్యమన్న మాట మాత్రం నిలవదు. 100, 110 డిగ్రీలకు వెనక్కి వాలి, నడుముకు ఆనిక పెట్టుకుని కూర్చోవచ్చు. కాసేపు ముందుకు జరగవచ్చు, కాసేపు లేవవచ్చు. ఏ భంగిమ అయినా ఎక్కువసేపు కుదురుకుంటేనే చిక్కు.

బల్ల ఎత్తు మాత్రం నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. బజారులో దొరికే బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. అంత ఎత్తు మనిషి పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే మోచేయి నేలకు 60, 65 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. అంటే కీబోర్డు మోచేతికంటే కనీసం జానెడు దూరంలో సగం పైన ఉంటుంది. దాన్ని అందుకోవడానికి భుజాలు రోజంతా ఎగదోసుకునే ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీకి ఎత్తు మార్చే వీలు కూడా లేదు. కుర్చీ మీద గట్టి దిండు వేసి మోచేయిని కీబోర్డు ఎత్తుకు తీసుకురండి. అప్పుడు పాదాలు గాలిలో వేలాడి తొడల కింద అంచు ఒత్తుకుంటుంది కాబట్టి, పాదాల కింద వంటింటి పీటో, రెండు ఇటుకలో పెట్టండి. పదివేల రూపాయల కుర్చీకంటే ముందు ఈ పీట సంగతి చూడాలి. 

ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కునే ఉంటాయి. తెర పైకి లేపితే చేతులు లేస్తాయి, కిందికి దించితే మెడ వంగుతుంది. కాలేజీ హాస్టల్ మంచం మీద ఒళ్లో పెట్టుకుంటే చెప్పనే అక్కర్లేదు. నాలుగు లావు పుస్తకాలు కింద పెట్టి, విడి కీబోర్డు, మౌసు తగిలిస్తే సరి. ఎన్నాళ్లుగానో తిరగేయని పోటీ పరీక్షల గైడ్లు ఇందుకు బాగా పనికొస్తాయి.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇంకో ప్రత్యేక బాధ ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో వత్తక్షరం కావాలంటే అక్షరం, పొల్లు, మళ్లీ అక్షరం, మూడు మీటలు నొక్కాలి. ఖ, ఘ, ఛ లాంటి వాటికి షిఫ్ట్ పట్టాలి. చిటికెన వేలితో షిఫ్ట్ అదిమిపెట్టి అదే చేతి ఇంకో వేలిని దూరంగా చాపడం రోజంతా చేస్తే ముంజేయి లాగేస్తుంది. అక్షరం కుడిచేతిదైతే షిఫ్ట్ ఎడమచేత్తో నొక్కడం అలవాటు చేసుకోవాలి. విండోస్‌లో షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అనే సదుపాయం తెరుచుకుంటుంది. అప్పుడు షిఫ్ట్‌ను అదిమి ఉంచనక్కర్లేదు, ఒకసారి తట్టి వదిలేయవచ్చు.

కళ్ల విషయానికి వస్తే, జపాన్ పరిశోధకులు 1993లో లెక్కబెట్టారు: తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర చూసేటప్పుడు 7 సార్లు మాత్రమే రెప్ప వేస్తాం. రెప్ప పడకపోతే కంటి మీది నీటిపొర ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ గాలి నేరుగా ముఖానికి కొట్టే వరంగల్ గదిలో ఇంకా త్వరగా ఆరుతుంది. కూలర్‌ను పక్కకు తిప్పండి. తెర పై అంచు కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందికి గానీ ఉంటే రెప్ప కాస్త వాలి, కన్ను అంతగా తెరుచుకోదు. బైఫోకల్ కళ్లద్దాల వాళ్లయితే తెరను ఇంకా దించుకోవాలి. లేకపోతే కింది గాజులోంచి చూడటానికి గడ్డం పైకెత్తి మెడ వెనక్కి విరుచుకుంటారు. ఆఫీసుల్లో సీనియర్ గుమాస్తాల మెడనొప్పికి చాలాసార్లు కారణం ఇదే, దానికి వయసును నిందిస్తుంటారు.

ఈ చిట్కాల్లో వేటికీ లొంగని బాధలు కొన్ని ఉన్నాయి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి, ముఖ్యంగా రాత్రి నిద్రలో లేపుతుంటే మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. ఆ దారిలో నరంతో పాటు వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) కూడా సాగుతాయి. దీనికి కీబోర్డునే దోషిగా నిలబెట్టడం తొందరపాటు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా కారణం కావచ్చు. తిమ్మిరి చిటికెన వేలిలో, దాని పక్క వేలిలో అయితే అది వేరే నరం, బల్ల అంచుకు మోచేయి ఆనించే అలవాటు ఉందేమో చూసుకోవాలి. పట్టు తప్పి చేతిలోని గ్లాసు జారుతున్నా, నొప్పి మెడ నుంచి చేతిలోకి దిగుతున్నా మర్దనలు, కట్లు మానేసి నరాల వైద్యుడి దగ్గరికో, ఎముకల వైద్యుడి దగ్గరికో వెళ్లాలి. నరం ఎక్కువకాలం నలిగితే బొటనవేలి కింది కండ కరిగిపోతుంది, ఆపరేషన్ చేసినా ఆ కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.