టీనేజ్ సైన్స్ ఫిక్షన్: నేను తరచూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

హైస్కూలు పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ నవలలు రాస్తాను. నల్గొండ చుట్టుపక్కల బడులకు వెళ్లి పిల్లలతో కథలు రాయిస్తుంటాను. ఎక్కడికి వెళ్లినా ఈ మాటలు వినిపిస్తాయి.

అపోహ: రోబోలూ అవీ బయటి దేశాల సరుకు, మన పల్లెలకు అతకవు.

వాస్తవం: 'రోబో' అన్న మాట పుట్టిందే వెట్టిలోంచి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో అది లోకానికి తెలిసింది. చెక్ భాషలో 'రొబోటా' అంటే దొర పొలంలో బలవంతంగా చేయించే చాకిరీ. ఆ నాటకంలో ఫ్యాక్టరీలో తయారైన కృత్రిమ మనుషులు యజమానుల మీద తిరగబడతారు. ఈ సంగతి చెప్పగానే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "అంటే రోబో మా ముత్తాత లెక్కనా మేడమ్?" అంది. ఆ రోజు చెబుదామనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. పీరియడ్ అంతా వాళ్ల ఇళ్లలో విన్న దొరల కథలే.

అపోహ: కల్పనే కదా, సైన్స్ ఎలా రాసినా చెల్లుతుంది.

చెల్లదు. నా నవలలోని ఊరికి ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ నీళ్లే దిక్కు. మొదటి డ్రాఫ్ట్‌లో నాయిక ఆ నీళ్లు మరిగించి తమ్ముడికి తాగిస్తుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ బాధ తెలిసిన మర్రిగూడ వైపు పిల్లలు ఆ పేజీ చదివితే పుస్తకం అక్కడే మూసేస్తారు. పటిక, సున్నం వేసి కలియబెట్టి, తేరనిచ్చి వడగట్టే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే ఉంది. ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను.

అపోహ: అధికారం మీద నవల అంటే క్రూరుడైన నియంత ఉండాలి, మంచి పిల్ల అతన్ని కూలదోయాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పిల్లలు అధికారాన్ని మొదట చూసేది క్లాస్ లీడర్ చేతిలోని సుద్దముక్కలో. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేది ఆ చెయ్యే, స్నేహితుల పేర్లు వదిలేసేదీ అదే. నా నవలలో నీటి ప్లాంటు తాళంచెవి పదహారేళ్ల అమ్మాయికి దొరుకుతుంది. మొదటి వారం అందరికీ సమానంగా పోస్తుంది. రెండో వారం తమ్ముడికి ఒక బిందె ఎక్కువ. ఎవరూ అడగరు. మూడో వారం లైన్‌లో నిలబడ్డ ప్రాణస్నేహితురాలిని పేరు పెట్టి పిలవకుండా ఇంటి నంబరుతో పిలుస్తుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

అపోహ: ఇంత బరువైన విషయం పిల్లలు మోయలేరు.

పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలు వలసపోతే నానమ్మ దగ్గరుండి తమ్ముళ్లను సాకిన పిల్లలున్నారు. వాళ్లకు మనం కొత్తగా చూపించే బరువేముంది? ఒక బడిలో నా నవల సగం వరకు చదివి వినిపించి, ముగింపు మీరే రాయండి అన్నాను. ఒక అబ్బాయి ఆ అమ్మాయిని శిక్షించలేదు, క్షమించనూ లేదు. బ్యాంకు లాకర్‌కు ఉన్నట్టు, రెండూ పెడితేనే తెరుచుకునేలా ప్లాంటుకు రెండు తాళంచెవులు చేయించాడు. రెండోది లైన్‌లో చివర నిలబడే ఇంటివాళ్ల దగ్గర ఉంటుందట. అతన్ని అడిగి, నా చివరి అధ్యాయంలో ఆ తాళమే పెట్టాను.