హెచ్‌ఐవీ మందులు, పేద దేశాలు: చదువుకున్నవాళ్ల అపోహలు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా నాకు పదేళ్లు దాటాయి. దోమ కుడితే రాదు, పక్కన కూర్చుంటే రాదు అని చెప్పే పోస్టులు బోలెడు వచ్చాయి కాబట్టి వాటి జోలికి పోను. చదువుకున్నవాళ్లూ, ఒక్కోసారి మా రంగంలోనివాళ్లూ నమ్మే అపోహలు వేరే ఉన్నాయి.

అపోహ: పేదవాళ్లు, చదువు రానివాళ్లు మాత్రలు వేళకు వేసుకోరు.

దీన్ని రచ్చబండ దగ్గర మాటగా తీసిపారేయకండి. అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌కు అధిపతిగా ఉన్న ఆండ్రూ నాట్సియోస్ 2001లో ఇలాగే మాట్లాడారు. ఆఫ్రికాలో చాలామంది జీవితంలో గడియారమే చూడలేదని, వేళకు వేసుకోవాల్సిన ఈ మందులు అక్కడ పనికిరావని ఆయన వాదన.

వాస్తవం: అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2006లో లెక్క తీస్తే, మందులు సరిగ్గా వేసుకునేవాళ్లు ఉత్తర అమెరికాలో 55 శాతం, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో 77 శాతం అని తేలింది. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. మా దగ్గరికి వచ్చే ఒకామెకు టైమ్ చూడటం రాదు. ఊళ్లోకి ఆఖరి బస్సు వచ్చి హారన్ కొట్టగానే మాత్ర వేసుకుంటుంది. మందు తప్పినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే మతిమరుపు అనేవాళ్లు తక్కువ. సెంటర్‌కు రావాలంటే ఒకరోజు కూలి పోతుంది, పైగా బస్సు ఛార్జీలు. అత్తగారింట్లో ఎవరికీ తెలియకూడదని, గలగల వినబడకుండా డబ్బాలో దూది కుక్కేవాళ్లున్నారు. అంత జాగ్రత్తపడే మనిషిని పట్టుకుని బాధ్యత లేదని ఎలా అంటాం?

అపోహ: పెద్ద ల్యాబ్ లేని చోట ఈ మందులు మొదలుపెట్టడం ప్రమాదం.

వాస్తవం: ఉగాండా, జింబాబ్వేల్లో 3,316 మందితో డార్ట్ అనే ట్రయల్ చేశారు. సగం మందికి రక్తపరీక్షల రిపోర్టులు క్రమం తప్పకుండా డాక్టరుకు అందేవి. మిగతా సగం మందిని లక్షణాలు చూసే నడిపించారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో 90 శాతం, రెండో గుంపులో 87 శాతం. ఆ మూడు శాతం చిన్నదని నేననను. కానీ ల్యాబ్ వచ్చేదాకా మందులు ఆపి ఉంటే పోయే ప్రాణాలు అంతకు ఎన్నో రెట్లు. ఇది చదివి ఎవరూ వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, ఎగ్గొట్టకండి. పరీక్ష అందుబాటులో ఉన్నప్పుడు చేయించుకోవాల్సిందే.

అపోహ: సీడీ4 (రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే రక్తకణాల లెక్క) బాగుంటే మందులు తర్వాత మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: ఒకప్పుడు మేమూ అదే చెప్పేవాళ్లం. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే మందులు ఇస్తున్నారు. దీని వెనక ఉన్న పరిశోధనల్లో ఒకటి, భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో జరిగింది. మన చెన్నై, పుణె కూడా అందులో ఉన్నాయి. 2011లో ఫలితాలు చూస్తే, భాగస్వామి నుంచే సోకిందని రుజువైన కేసులు 28. వాటిలో 27 మందులు ఆలస్యంగా ఇచ్చిన గుంపులోవి, ఒక్కటే ముందుగా ఇచ్చిన గుంపులోది. వైరల్ లోడ్ కనిపించని స్థాయికి దిగి, అక్కడే నిలబడితే సెక్స్ ద్వారా భాగస్వామికి సోకదని ఈ రోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. ఈ మాట చెప్పినప్పుడు కొందరు జంటలు అక్కడే ఏడ్చేస్తారు.

అపోహ: ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నివారణ మాత్ర చేతికిస్తే చాలు.

వాస్తవం: దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది స్త్రీలతో జరిగిన వాయిస్ ట్రయల్ నా పని తీరునే మార్చింది. హెచ్‌ఐవీ రాకుండా కొందరికి రోజూ మాత్ర, కొందరికి యోనిలో వాడే జెల్ ఇచ్చారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి, వెనక్కి తెచ్చిన మందుల లెక్కను బట్టి దాదాపు 90 శాతం వాడినట్టే. తీరా రక్తం పరీక్షిస్తే మందు కనిపించింది మూడో వంతు కంటే తక్కువ నమూనాల్లో! జబ్బే లేని అమ్మాయి దగ్గర హెచ్‌ఐవీ మందు కనిపిస్తే ఇంట్లో, ఊళ్లో ఏమంటారు? ఆ భయంతోనే చాలామంది పక్కన పెట్టేశారు. అది చదివాక నేను మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం మానలేదు గానీ, లెక్క సరిపోయింది కదా అని ఊరుకోవడం మానేశాను. 'వేసుకున్నావా' అని కాకుండా 'ఎక్కడ దాస్తున్నావు' అని అడుగుతాను. అసలు కబుర్లు అప్పుడు బయటికొస్తాయి.

అందుకే 2024లో లెనాకపవిర్ అనే నివారణ మందు ఫలితాలు చూసి మా వాళ్లందరం సంతోషపడ్డాం. ఆరు నెలలకోసారి సూది, అంతే. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరకు దీన్ని 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు అందించే ఒప్పందాలు 2025లో ప్రకటించారు. తయారుచేసే డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ మన హైదరాబాద్ కంపెనీలే.

ఆ వార్త వచ్చినప్పటి నుంచి 'మేడం, ఆ సూది మాకెప్పుడు?' అని సెంటర్‌కు వచ్చేవాళ్లు అడుగుతున్నారు. నేను చెప్పిన ట్రయల్ నెగెటివ్ ఉన్నవాళ్లకు నివారణ కోసం చేసింది. పాజిటివ్ ఉన్నవాళ్లకు ఆ మందు ఒక్కటే చికిత్సగా సరిపోదు. కాబట్టి ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి.